చిట్టాకెక్కని కూలి



బరంపురంలో అప్పడాలు ఒత్తే ఏ ఇంటికైనా వెళ్ళి "ఈ నెల ఏం మిగిలిందమ్మా?" అని అడగండి. "ఏదో, ఆ తల్లి దయ వల్ల నడుస్తోంది బాబూ" అంటారు. ఆ తల్లి మన బుడీ ఠాకురాణి అమ్మవారు. ఊరంతా నమ్ముకున్న దేవత, ఆ మాటలో ఉన్నది నిజమైన భక్తే. కానీ అడిగిన ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. ఎంత మిగిలిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పూట నా ప్రసంగం ఆ తెలియని లెక్క గురించి, దానితో ముడిపడ్డ అమ్మకం గురించి.

పనితనంలో మన బరంపురం ఉన్న గంజాం జిల్లాకు లోటు లేదు. కుంభాల అంచుతో నేసే బరంపురం పట్టు చీరకూ, మగవాళ్ళు కట్టే జోడాకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఛత్రపురం, రంగెయిలుండా, చికిటి వైపు పూసే మొగలిపూలకూ, వాటి అత్తరుకూ ఆ గుర్తింపే ఉంది. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో చాలా భాగం మన జిల్లాదే. బెల్లగుంఠాలో చేసే ఇత్తడి చేప చేతిలో పట్టుకుంటే మెలికలు తిరుగుతుంది. ఇక అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, ఎండు మామిడి అంబులా సంగతి వేరే చెప్పాలా? బరంపురం వచ్చిన చుట్టాలు ఇవి సంచీలో పెట్టుకోకుండా రైలెక్కరు. ఇంత నేర్పున్న చేతులకు ఏడాది చివర అప్పులే ఎందుకు మిగులుతున్నాయి? గిరాకీ లేక మాత్రం కాదు.

అప్పడాల లెక్కే తీసుకుందాం. మినప్పప్పు రేటు ఏడాదిలో ఎన్నోసార్లు మారుతుంది కాబట్టి నేను చెప్పే అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. 10 కిలోల మినప పిండి. పప్పుకూ, మర ఆడించడానికీ 1,200 రూపాయలు. ఉప్పు, సోడా, మిరియాలు, ఇంగువ, నూనె కలిపి 250. ఒత్తడానికి సాయం వచ్చిన ఆవిడకు కూలి 400. మొత్తం 1,850. ఎండాక 200 గ్రాముల కట్టలు 55 తయారయ్యాయి. టోకు కొట్టాయన కట్టకు 40 చొప్పున 2,200 ఇచ్చాడు. 350 మిగిలిందని ఇల్లాలు సంతోషపడుతుంది.

ఇప్పుడు ఆవిడ రాయని ఖర్చులు రాద్దాం. కట్టలకు ప్లాస్టిక్ కవర్లు, 80. కొట్టు దాకా ఆటో, 60. విరిగిపోయినవి, కొట్టాయన వెనక్కి పంపినవి కలిసి 3 కట్టలు, అంటే 120. ఇవి తీసేస్తే 350లో మిగిలేది 90 రూపాయలు. మరి ఆ ఇల్లాలు చేసిన పని? తెల్లవారుజామునే లేచి పిండి తడిపింది. చేతికి నూనె రాసుకుంటూ పిండి సాగేదాకా దంచింది. పొడుగ్గా సాగదీసి దారంతో ఒకే కొలత ఉండలు కోసింది. పీట ముందు నడుం వంచి ఒత్తింది. డాబా మీద పాత చీరలు పరిచి ఆరేసింది, ఎండ ముదిరి అంచులు వంకర తిరగకముందే ఒక్కొక్కటీ తిరగేసింది, కాకుల్ని తోలింది. కూలికి వచ్చిన ఆవిడకు 400 దక్కింది. పెట్టుబడి పెట్టి, నష్టభయం మోసి, ఇద్దరి పనీ చూసుకున్న యజమానురాలికి 90 దక్కింది. అప్పు తెచ్చిన డబ్బుతో పప్పు కొని ఉంటే ఆ 90 కూడా వడ్డీకి పోతుంది.

చిన్న వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటివాళ్ళ కష్టం చిట్టాకెక్కదు. భార్య కష్టం, కోడలి కష్టం, బడి నుంచి వచ్చి లేబుళ్ళు అంటించే పిల్లల కష్టం ఊరికే వచ్చినట్టు లెక్క. ఊరికే వస్తుంది కాబట్టి సరుకు ధర తక్కువ పలుకుతుంది. ఆ తక్కువ ధర చూసి పక్కింటి వాళ్ళూ తగ్గిస్తారు. ఇలా వీధి వీధంతా ఒకరి కూలి ఒకరు కోసుకుంటున్నారు. అందుకని మొట్టమొదట చేయవలసిన పని ఇది. మీకు మీరు రోజు కూలి వేసుకోండి, బయటి మనిషికి ఎంత ఇస్తారో అంత. దాన్ని ఖర్చు కింద రాయండి. ఆ తర్వాత మిగిలిందే లాభం.

రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన తాతల కాలంలో కోమట్లు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవారు. రోజు జమాఖర్చు చిట్టాలో పడేది, ఎవరి ఖాతా వాళ్ళకు ఆవర్జాలోకి ఎక్కేది. ఇప్పుడు వంద పేజీల నోటుబుక్కు చాలు. దాంతోపాటు ఇంటి డబ్బు వేరు, వ్యాపారం డబ్బు వేరు అన్న కట్టుబాటు ఉండాలి. గల్లాపెట్టెలోంచి కూరగాయలకు తీసి, పిల్లవాడి ఫీజుకు తీసి, పెళ్ళి చదివింపులకు తీసి, తీరా పప్పు కొనే రోజున చేబదులుకు పరుగెత్తడం మనందరం చూస్తున్నదే. గుమ్మం పక్క అంటించిన క్యూఆర్ కోడ్‌ను వ్యాపారం కోసం తెరిచిన విడి ఖాతాకు కలపండి. బ్యాంకు పుస్తకమే సగం చిట్టా రాసి పెడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "లెక్క వేస్తే కట్టకు 50 అడగాలి బాబూ, 50 అంటే కొట్టాయన పక్క వీధికి పోతాడు." నిజమే, పోతాడు. ఎందుకంటే మీ అప్పడానికీ పక్క వీధి అప్పడానికీ అతని దృష్టిలో తేడా లేదు. రెండూ పేరు లేని కవర్లలో ఉన్నాయి. పేరు లేని సరుకుకు ధర ఒక్కటే గుర్తు. తిన్నవాళ్ళకు మీ అప్పడం నచ్చినా, మళ్ళీ ఎవరిని అడగాలో వాళ్ళకు తెలియదు. లెక్క దగ్గర మొదలైన విషయం అమ్మకం దగ్గరికి ఇలా వస్తుంది. గిట్టుబాటు ధర ఎంతో లెక్క చెబుతుంది, ఆ ధర అడిగే ధైర్యం పేరు వల్ల వస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా ఆలోచిస్తే ఏదీ పనిచేయదు.

అప్పడాలతోనే పేరు తెచ్చుకున్న వాళ్ళ కథ ఒకటుంది. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంవ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదే నేటి లిజ్జత్ పాపడ్. ఇక్కడ మనకు కావలసిన సంగతులు రెండు. వాళ్ళు మొదట్లో రెండు రకాలు చేసేవారు, ఒకటి మేలు రకం, ఒకటి తక్కువ ధరకు అమ్మే చవక రకం. వాళ్ళకు దారి చూపిన ఛగన్‌లాల్ పారేఖ్ అనే పెద్దాయన, అందరూ ఛగన్‌బాపా అనేవారు, చవక రకం మానేయమన్నాడు. ఒకే నాణ్యత నిలబెట్టమన్నాడు, లెక్కలు సరిగ్గా రాయమన్నాడు. రెండో సంగతి వాన. మొదటి ఏడాది వర్షాకాలంలో ఎండ లేక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. వాన వచ్చాక ఏం చేద్దామా అనుకోలేదు, వాన వస్తుందని ముందే లెక్కలో వేసుకున్నారు. ప్రణాళిక అని పెద్ద పేరు పెట్టి మనం భయపడేది ఇంత చిన్న విషయానికే.

మన బరంపురానికి కూడా ఒక పంచాంగం ఉంది. పండుగలది కాదు, డబ్బుది. ఏ నెలలో డబ్బు బయటికి పోతుంది, ఏ నెలలో లోపలికి వస్తుంది అన్నది గోడ మీద క్యాలెండర్‌లోనే గుర్తు పెట్టుకోవచ్చు. ఊరగాయలు పెట్టే ఇల్లు చూడండి. మిరపకాయలు వేసవి ముందే కొనాలి. మామిడికాయ దొరికేది ఏప్రిల్, మే నెలల్లో కొద్ది వారాలు. నూనె, ఉప్పు, ఆవాలు, జాడీలు, కోసే మనుషుల కూలి, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. ఏడాది పెట్టుబడి అంతా అప్పుడే చేయి దాటిపోతుంది. అమ్మకం మాత్రం మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా సీసా సీసాగా సాగుతుంది. ఈలోగా జూన్‌లో బడులు తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు. అలమరాలో సరుకు నిండుగా ఉంటుంది, చేతిలో పైసా ఉండదు. అలాంటప్పుడు తెచ్చే అప్పు వ్యాపారం నష్టంలో ఉన్నందుకు తెచ్చేది కాదు, డబ్బు వచ్చే నెల తెలియక తెచ్చేది. పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు గీసి, పైన రాబడి, కింద ఖర్చు వేసుకుంటే జూన్ కష్టం జనవరిలోనే కనిపిస్తుంది.

డైలీ ఫైనాన్స్ గురించి ఇక్కడే చెప్పాలి. 8,500 చేతిలో పెట్టి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టమంటారు. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ మీరు రోజూ అసలు తీరుస్తూనే ఉన్నారు, 8,500 మొత్తం మీ దగ్గర ఒక్క రోజే ఉంది. సగటున మీ చేతిలో ఉన్న అప్పు అందులో సగమే. ఆ లెక్కన ఏడాదికి నూటికి నూరు రూపాయలు దాటిన వడ్డీ కడుతున్నట్టు. మినప పిండిలో అంత లాభం ఎవరికి వస్తుంది?

ఇంకో గుర్తు క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో పెట్టుకోవాలి. అక్టోబరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు దక్షిణాన పలాస వైపు తీరం దాటి ఇక్కడా ముంచెత్తింది. రెండూ దసరా రోజుల్లోనే. అంటే అరువు మీద తెచ్చిన పండగ సరుకుతో కొట్టూ గిడ్డంగీ నిండి ఉండే సమయంలోనే తుపాను రావడం మనకు కొత్త కాదు. విడతలవారీగా సరుకు తెప్పించుకోవడం, నేల మీద కాకుండా బల్లల మీద ఎత్తుగా పేర్చడం ఖర్చు లేని జాగ్రత్తలు. బీమా కూడా చేయించండి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం 2021 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద నష్టం కూడా దాని కిందికి వస్తాయి.

మంచి గుర్తు కూడా ఒకటుంది. ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. దేశీ బెహెరా వీధిలో కట్టే తాత్కాలిక మందిరానికి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. రకరకాల వేషాలు, పులి వేషాలు, దీపాల తోరణాలు, రాత్రంతా జనం. చిరుతిళ్ళ బండి నుంచి బట్టల కొట్టు దాకా అందరికీ అమ్మకమే. అయితే ఆ నెల రాబడిని రెండేళ్ల సగటుగా చూడాలి గానీ, ఆ ఊపు చూసి కొట్టు అద్దె పెంచుకుని కూర్చుంటే యాత్ర లేని ఏడాది మోయలేరు.

ఇక అరువు. టోకు వ్యాపారి "వచ్చే వారం చూద్దాం" అంటే ఏం చేయాలి? 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ఒక గడువు పెట్టింది. ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అమ్మినవాళ్ళకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఇంటర్నెట్‌లో ఉచితంగానే అవుతుంది, మధ్యవర్తికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. చట్టం మంచిదే. కానీ ఉన్న ఒక్క కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేసి రేపు సరుకు ఎవరికి అమ్ముతారు? మొగలిపూలు కోసేవాళ్ళ కష్టం ఇదే. పువ్వు పొద్దున కోస్తే వాసన పోకముందే బట్టీకి చేరాలి. కొనే ఏజెంట్లు కొద్దిమందే, వాళ్ళు చెప్పిందే ధర. కాబట్టి అరువుకు అసలు మందు కొనేవాళ్ళు ఒకరి కంటే ఎక్కువ మంది ఉండటం. సరుకు మొత్తం ఒక్కరికే పోస్తున్నవాళ్ళు ఈ ఏడాదిలో కనీసం ముగ్గురిని చూసుకోవాలి.

ఆ కొత్తవాళ్ళు ఎక్కడున్నారు? మన తెలుగువాళ్ళకు ఇందులో ఒక అదృష్టం ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాత ఒడిశాలోకి వచ్చాం గానీ ఇచ్ఛాపురం, సోంపేట, పలాసలతో వియ్యాలు తెగలేదు. రెండు వైపులా పెళ్ళిళ్ళలో మన అప్పడమే వేగాలి, మన పట్టే కట్టాలి. కవరు మీద ఒడియాలో, తెలుగులో మీ పేరు, ఫోన్ నంబరు, తయారైన తేదీ, బరువు, ధర, ఆహార భద్రత నమోదు నంబరు అచ్చు వేయించండి. ముందు బరంపురంలో పెళ్ళి వంటలు చేసేవాళ్ళతో మొదలుపెట్టండి. ఒక పెళ్ళిలో వందల మంది తింటారు, వాళ్ళలో సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు.

సరిహద్దు దాటేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పడాల మీద జీఎస్టీ లేదు. ఊరగాయల మీద ఉంది, 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతానికి తగ్గింది. సరుకుల వ్యాపారం ఏడాదికి 40 లక్షల లోపు ఉంటే జీఎస్టీ నమోదు అక్కర్లేదని అందరూ అనుకుంటారు. సొంత రాష్ట్రంలో అమ్ముకున్నంత వరకే ఆ మినహాయింపు. ఊరగాయ సీసాలు గంట ప్రయాణం కూడా లేని ఇచ్ఛాపురం కొట్టుకు పంపినా అది ఆంధ్రప్రదేశ్, నమోదు ఉండాల్సిందే. ఆ ఖర్చు ముందే ధరలో కలుపుకోండి.

పట్టు గురించి మాట్లాడకుండా ముగించలేను, నాకు అన్నిటికన్నా దిగులు దాని గురించే. మహురి రాజులు పిలిపిస్తే ఆంధ్రదేశం నుంచి వచ్చి స్థిరపడిన దేవాంగుల చేతి పని అది. ఊరికి పట్టునగరం అనే పేరు వాళ్ళ వల్ల వచ్చింది. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోతున్నాయి. పెట్టుబడి పెట్టే షావుకారు పట్టునూలు ఇస్తాడు, నేతగాడు నేసి ఇస్తాడు, కూలి తీసుకుంటాడు. ఆ చీర ఏ ఊరు వెళ్ళిందో, ఎంతకు అమ్ముడైందో, ఎవరు కట్టారో అతనికి తెలియదు. అప్పడాల ఇల్లాలికి కనీసం తన సరుకు సొంతం, ఇతనికి అదీ లేదు. మొత్తం ఒక్కసారి మార్చడం ఎవరి వల్లా కాదు. కానీ ఏడాదికి రెండు చీరలైనా సొంత నూలుతో, సొంత లెక్కతో నేయగలిగితే దారి మొదలవుతుంది. ఆ చీరతో పాటు ఒక చిన్న కార్డు ఉండాలి. నేసిన వాళ్ళ పేరు, ఎన్ని రోజులు పట్టింది, కుంభాల అంచు ఎలా పెడతారు, ఎలా ఉతకాలి. దానికి అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ గుర్తు తోడవ్వాలి. భౌగోళిక గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ప్రతి నేతగాడికీ అది వాడుకునే హక్కు రాదు. అధీకృత వినియోగదారుగా ఎవరి పేరు వాళ్ళు నమోదు చేయించుకోవాలి. చాలా ఇళ్ళలో ఈ మాటే తెలియదు. మరమగ్గం మీద తీసిన నకలు పక్కన పెట్టి అమ్ముతుంటే అసలు చీరను కాపాడేది ఆ కాగితమూ, ఆ కార్డూ.

చివరిగా అప్పు సంగతి. గంజాం జిల్లాలో బ్యాంకుల అప్పుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకుగా చాలాకాలం ఉన్నది ఆంధ్రా బ్యాంకు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టినది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ బాధ్యత ఇప్పుడు వాళ్ళది. ముద్రా పథకంలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. మేనేజరు అడిగే ప్రశ్నలు అన్ని చోట్లా ఒకటే. నెలకు ఎంత అమ్ముతారు, ఎవరికి అమ్ముతారు, డబ్బు ఎన్నాళ్ళకు వస్తుంది, వాయిదా ఏ నెలలో కష్టమవుతుంది. పన్నెండు గళ్ళ కాగితం మీ చేతిలో ఉంటే ఆ నాలుగింటికీ జవాబు అందులోనే ఉంటుంది. ఊరగాయల వాళ్ళు వాయిదాలు మే నెలలో పెట్టొద్దని అడగవచ్చు, కాగితం చూపించి అడిగితే వింటారు.

ఆ కాగితం బ్యాంకుకు తీసుకెళ్ళే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. పిండి దంచే అత్తగారికీ, ఆర్డర్లు రాసుకునే కోడలికీ, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టే పిల్లవాడికీ తెలియాలి, ఒక్కొక్క కట్ట మీద ఎంత వస్తోందో, ఎవరెవరికి ఎంత కూలి రాశారో.